తామ్రశాసన ముద్రికల ఛాయాచిత్రణము

రేకులపై జెక్కిన యక్షరములకు సిరాపూసి కాగితముపై ప్రతి తీయుట పరిశోధకులకు బరిచితమే. రేకుల కడియమునకు గూర్చిన ముద్రికకు ఆ పద్ధతి చాలదు. వేంగీచాళుక్యుల ముద్రికలను జూడుడు. పెక్కింటియందు పల్లముగా దీర్చిన గుండ్రని తలమున ‘శ్రీత్రిభువనాంకుశ’ యను బిరుదమును, వరాహమును, సూర్యచంద్రులును, అంకుశమును ఉబ్బెత్తుగా నుండును. కాగితము ఆ మిట్టపల్లములకు సరిగా నంటదు. కావున ఛాయాచిత్రమే శరణ్యము.

ఇందు వెలుతురు వచ్చు దిక్కే ప్రధానము. ఎదుటినుండి పడిన వెలుగు లోహముపై దళుక్కుమని రూపమును మ్రింగివేయును. దీపమును ప్రక్కగా, వాలుగా నుంచి, నడుమ పలుచని తెల్లగుడ్డ కట్టినచో ఆ తళుకు తగ్గి అంచులు తేటపడును. చిత్రమున వెలుగు పైయెడమనుండి వచ్చినట్లుండవలయును. క్రిందినుండి వచ్చినచో ఉబ్బెత్తు వరాహము గుంటవలె గనుపట్టి పండితులనుగూడ భ్రమింపజేయును. దీపము దిక్కు మార్చి మఱియొక చిత్రము తీయనిచో చిలుముపెచ్చును చంద్రరేఖగా నెంచు ప్రమాదము కలదు.

కెమేరా ముక్కాలిపై గదలక, ముద్రికకు సమాంతరముగా నుండవలెను. కటకపు రంధ్రమును తగ్గించినకొలది మిట్టపల్లములు రెండును స్పష్టమగును గాని, మితిమీఱినచో కాంతి చెదరి చిత్రమంతయు మసకబాఱును. 8 లేక 11 సంఖ్యయొద్ద నిలుపుట మేలు. అదియు జాలనిచో, స్పష్టత నిలుపు చోటును కొంచెము కొంచెముగా జరుపుచు బెక్కు చిత్రములు తీసి కంప్యూటరునందు నొకటిగా గూర్పవచ్చును. ప్రక్కన కొలబద్ద యుంచుట మఱవరాదు.

చిత్రము మెఱయుటకై కొందఱు ముద్రికను చింతపండుతో దోముదురు. ఘోరము! చిలుముతోబాటు అరిగిన యక్షరముల యంచులును బోవును. మెత్తని కుంచెతో ధూళిమాత్రము దులుపవలయును.