కాసెట్ డెక్కును అమ్మదలచిన వారికి

విజయవాడ వన్ టౌనులో పాత సామానునకు వెల కట్టు తీరులు రెండు. ఒకటి తూకము చూచి కట్టుట. రెండవది పనితనము చూచి కట్టుట. ఇత్తడి బిందెకు మొదటిది చాలును. ఒకనాడు ఎంతో ధర పెట్టి కొని, ఇన్నేండ్లు బట్ట కప్పి కాపాడుకొన్న స్టీరియో కాసెట్ డెక్కునకు రెండవదే తగినది. అట్టి యంత్రమును అమ్మదలచిన గృహస్థు ముందుగా చేయవలసిన పనులు కొన్ని కలవు. వానిని ఒక క్రమమున చేయవలెను. క్రమము తప్పినచో యంత్రముతోపాటు ఇంటివారి గొంతులు కూడ పోగొట్టుకొను ప్రమాదమున్నది.

డెక్కునకు సొంత స్పీకరు ఉండదు. అది టేపుమీది శబ్దమును విద్యుత్ సంకేతముగా మార్చి ఆంప్లిఫయరునకు అందించును. కాసెట్టును 1963లో ఫిలిప్స్ సంస్థ బెర్లిన్ రేడియో ప్రదర్శనలో లోకమునకు చూపినది. అందలి టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, సెకనునకు 4.76 సెంటీమీటర్లు నడచును. ఇంత సన్నని, ఇంత నెమ్మదియైన టేపు మాటలు పట్టుటకే తగునని తొలుత తలచిరి. 1970వ దశకమున డాల్బీ పద్ధతి టేపు బుసను తగ్గించెను. విజయవాడ రేడియో కేంద్రము ఆరంభమైన 1948వ సంవత్సరమందే జపానులో నెలకొన్న నకమిచి సంస్థ, చెరపుటకు, ముద్రించుటకు, వినుటకు వేరువేరు హెడ్డులు గల ‘1000’ అను డెక్కును 1973లో వెలువరించెను. 1982లో అదే సంస్థ ‘డ్రాగన్’ను తెచ్చినది. ఇవి నేడు తయారగుటలేదు. సేకరణకర్తలు వీనికై వెదకుటకు కారణమిదియే.

ఇక అసలు విషయము. హెడ్డునందు కంటికి కానరాని సన్నని చీలిక ఒకటి కలదు. అది టేపు నడచు దారికి సరిగా నిట్టనిలువుగా ఉండవలెను. ఈ నిలువునే అజిముత్ అందురు. సెకనునకు పదివేల కంపనములు గల స్వరము టేపుపై ఆక్రమించు నిడివి మిల్లీమీటరులో రెండువందలవ వంతుకన్న తక్కువ. కనుక చీలిక వెంట్రుకవాసి ఒరిగినను పై స్వరములు చెరిగిపోవును. తాళముల మెరుపు, ‘స’కార ‘శ’కారముల స్పష్టత మొదట మాయమగును. డ్రాగన్ యంత్రము ఈ ఒరుగును తనంతట తానే సరిదిద్దుకొనును. తక్కిన వానిలో అధికభాగమునకు ఆ నేర్పు లేదు.

ప్రతి యంత్రమునకు తనదైన కొద్దిపాటి ఒరుగు ఉండును. అది ముద్రించిన టేపులకును అదే ఒరుగు అబ్బును. అందుచేత వంకర యంత్రము కూడ తన టేపును చక్కగానే వినిపించును. ఈ సత్యమునుండి రెండు సూత్రములు పుట్టుచున్నవి.

మొదటిది: మరమ్మత్తునకు ముందే ఇంటి టేపులకు ప్రతులు తీయవలెను. మంచి ధర రావలెనని యజమాని యంత్రమును మెకానిక్కునకు ఇచ్చును. అతడు న్యాయముగా హెడ్డును నిలువు చేయును. ఆ క్షణమునుండి ఆ యంత్రముపై ఇరువది ఏండ్లు ముద్రించిన టేపులన్నియు మసక వినబడవచ్చును. ఆ టేపులలో నాయనమ్మ పాడిన మంగళహారతి ఉండును. గల్ఫు దేశమునుండి కుమారుడు ఉత్తరమునకు మారుగా పంపిన మాటలకు తీసిన నకలు ఉండును. రేడియోనుండి పట్టిన భక్తిరంజని, ఓలేటి వేంకటేశ్వర్లుగారి గానము, శ్రీరంగం గోపాలరత్నంగారి గానము ఉండును. ప్రసారమైనదంతయు భద్రపడలేదు. ఏదో ఒక ప్రసారమునకు ఇంటి కాసెట్టే మిగిలిన ప్రతి కావచ్చును.

ప్రతి తీయుట కష్టము కాదు. హెడ్డులను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో తుడువవలెను. రబ్బరు భాగములకు అది తగులనీయరాదు. డెక్కు వెనుకనున్న ‘లైన్ అవుట్’ నుండి తీగలను కంప్యూటరు ‘లైన్ ఇన్’నకుగాని డిజిటల్ రికార్డరునకుగాని కలుపవలెను. డాల్బీతో ముద్రించిన టేపును అదే డాల్బీతో వినవలెను. శబ్దమును కుదింపక ‘వేవ్’ ఫైలుగా ఉంచవలెను. రెండు ప్రతులు తీసి, ఒకటి వేరొక ఊరిలోని బంధువుల ఇంట ఉంచుట మేలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నగరములోని సింగ్‌నగర్ ప్రాంతమును ముంచినపుడు, ఉన్నదంతయు ఒక్క ఇంట ఉంచుకొనుట ఎంత నష్టమో కన్నులార చూచితిమి.

రెండవ సూత్రము అమ్మకమునకు చెందినది. కొనువానికి యంత్రమును చూపునపుడు దాని సొంత టేపు వేయుట పరీక్ష కానేరదు. వేరొక మంచి యంత్రముపై ముద్రించిన టేపును వేసి వినిపింపవలెను. కొనువారును ఇదే కోరవలెను. పిమ్మట ఖాళీ టేపుపై ముద్రించి చూపవలెను. రెండు ఛానళ్ళు సమానముగా పలుకవలెను. చివరి మలుపువరకు వేగము తడబడరాదు.

మన డెల్టా ప్రాంతపు తేమ యంత్రమును లోలోపల తినును. బెల్టులు జిగురగును, పించ్ రోలరు అను రబ్బరు చక్రము గట్టిపడును, గ్రీజు బిగిసిపోవును. పదేండ్లు ముట్టని డెక్కును ఒక్కసారి నడిపింప యత్నించినచో టేపు నలిగిపోవచ్చును. కనుక ముందుగా విలువలేని కాసెట్టుతో పరీక్షింపవలెను. అది నడువనిచో బెల్టు మార్పించవచ్చును. కాని ఇంటి టేపుల ప్రతులు ముగియువరకు అజిముత్ మరను తాకవద్దని మెకానిక్కునకు స్పష్టముగా చెప్పవలెను.

జపాను దేశమునందలి వాడుకకై చేసిన యంత్రము 100 వోల్టులది. దానిని మన 230 వోల్టులకు సూటిగా కలిపిన మరుక్షణము లోపలి ట్రాన్స్‌ఫార్మరు చెడును. వెనుక రేకుపై వ్రాసినది చదివి, ఆ విషయమును కొనువానికి వ్రాతమూలకముగా తెలుపవలెను.

ధర నిర్ణయించునవి ఇవి: నమూనా పేరు, హెడ్డుల అరుగుదల, మార్చిన భాగముల రసీదులు, అసలు పెట్టె, వాడుక పుస్తకము. లోపమున్నచో దాచరాదు. డాల్బీ పనిచేయదని ముందే చెప్పిన యంత్రమునకు ధర కొంత తగ్గును. ఇంటికి వెళ్ళిన పిదప బయటపడినచో బేరమే తిరిగివచ్చును. బస్సు పార్సిలులో పంపవలసి వచ్చినచో లోపలి కాసెట్టు తీసి, ఒక పెట్టెలో మరియొక పెట్టె ఉంచి, నడుమ మెత్త దట్టించవలెను. వీలైనంతవరకు కొనువాడు స్వయముగా వచ్చి విని తీసికొనిపోవుటయే ఉత్తమము.

ముందు ప్రతి, పిమ్మట మరమ్మత్తు, తుదకు అమ్మకము. ఇంట డెక్కు ఉన్నవారు ఈ ఆదివారము అల్మారలోని కాసెట్టులను బయటకు తీసి, వానిపై చెరిగిపోవుచున్న పేర్లను తిరిగి వ్రాయుటతో పని మొదలుపెట్టవచ్చును. ఎవరి గొంతు ఏదో చెప్పగల పెద్దలు ఇంట ఉండగనే ఆ పని చేయుట మంచిది.