నమ్మక కేంద్రము: తల్లిదండ్రులకు కొన్ని మాటలు

మా పాఠశాల వార్షిక సంచికలో ఇట్టి విషయమును గూర్చి వ్రాయుట తగునా యని పెద్దలు కొందరు శంకింపవచ్చును. బాలబాలికల పద్యములు, ఆటల పోటీల ఫలితములు, విహారయాత్రల ముచ్చట్లు ఉండవలసిన పుటలలో హెచ్.ఐ.వి. రక్తపరీక్షకు చోటేమి యని వారడుగవచ్చును. మేమును చాలకాలము అట్లే తలచితిమి. ఒక తల్లి మా గదికి వచ్చిన దినమున మా యభిప్రాయము మారినది.

ఆమె గర్భవతి. ప్రభుత్వాసుపత్రిలో రక్తము తీసి ఒక చీటి యిచ్చిరట. చీటిలో కొంత ఆంగ్లము, కొంత తమిళము. ఆమెకు తెలుగు తప్ప మరియొక లిపి రాదు. "దీంట్లో ఏమి రాసిండారో చెప్పండయ్యా" అని చీటిని మా బల్లమీద పెట్టెను. మూడు దినములుగా దానిని కొంగున ముడివేసికొని తిరుగుచుండెనట. ఇంట చదువగలవాడు ఏడవ తరగతిలోనున్న కుమారుడొక్కడే. వానిచేత చదివించుటకు మనసొప్పలేదు. పొరుగువారికి చూపుటకు భయము. చీటిలో 'నాన్ రియాక్టివ్' అని ఉన్నది. అనగా పరీక్షలో ఆ క్రిమి జాడ కనబడలేదని యర్థము. ఆ మాట చెప్పగానే ఆమె అక్కడనే నేలపై కూర్చుండిపోయెను.

హోసూరు, బాగలూరు, బేరికె, శూలగిరి, తళి, వేపనపల్లి ప్రాంతములలో ఇట్టి తల్లులు ఎందరో కలరు. 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము తరువాత మన పిల్లలు తమిళమును చదువుచున్నారు, వ్రాయుచున్నారు. తల్లులలో పెక్కుమందికి మాటలాడుట వచ్చునే కాని చదువుట రాదు. కావున ఆసుపత్రికి పోవునపుడు పిల్లవానిని వెంటబెట్టుకొని పోవుట అలవాటైనది. జ్వరమునకో, పంటి నొప్పికో అయిన బాధలేదు. కాని తల్లికో తండ్రికో గుప్తవ్యాధి యేదైన ఉన్నదేమో యను ప్రశ్నకు బిడ్డ దుబాసీగా నిలువరాదు. ఇరువురకును కష్టమే. తల్లి నిజము చెప్పదు. బిడ్డ విన్నదానిని మరువడు.

ఈ వ్యాధిని మన పల్లెలలో 'పెద్ద జబ్బు' అందురు, లేదా 'ఆ రోగము' అని గొంతు తగ్గించి చెప్పుదురు. హెచ్.ఐ.వి. యనునది క్రిమి పేరు. ఆ క్రిమి శరీరమునకు గల రోగనిరోధక శక్తిని క్రమముగా క్షీణింపజేయును. చికిత్స లేక చాల యేండ్లు గడచి, ఆ శక్తి అడుగంటి, క్షయ మొదలగు వ్యాధులు చుట్టుముట్టు దశకు ఎయిడ్స్ అని పేరు. క్రిమి ఉన్నవారందరును ఎయిడ్స్ రోగులు కారు. రక్షణ లేని లైంగిక సంపర్కమువలన, రక్తమార్పిడివలన, ఒకరు వాడిన సూదిని మరొకరు వాడుటవలన, తల్లినుండి శిశువునకు గర్భమునగాని కాన్పునగాని చనుబాలవలనగాని ఇది వ్యాపించును. ఒకే కంచమున తినుటవలన, ఒకే బల్లపై కూర్చుండుటవలన, దోమకాటువలన వ్యాపింపదు.

మన దేశమున ఈ క్రిమిని మొదట కనుగొనినది దూరమున కాదు. 1986లో మద్రాసు వైద్యకళాశాలయందు డాక్టర్ సునీతి సాలమన్ గారి మార్గదర్శకత్వమున నిర్మల యను విద్యార్థిని కొందరు స్త్రీల రక్తమును సేకరించి, వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు కొనిపోయి పరీక్షింపజేసెను. అందు కొన్నిటిలో క్రిమి బయటపడెను. అంతవరకును ఇది విదేశీయుల వ్యాధి యని ధైర్యముగా నుండినవారు తెల్లబోయిరి. 1992లో కేంద్ర ప్రభుత్వము జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థను, 1994లో తమిళనాడు ప్రభుత్వము రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంఘమును నెలకొల్పెను. 2023 అంచనాల ప్రకారము దేశమున సుమారు 25 లక్షలమంది ఈ క్రిమితో జీవించుచున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో దీని వ్యాప్తి దేశపు సగటుకన్న అధికము. కుప్పము, చిత్తూరు వైపులనుండి పిల్లను తెచ్చుకొనుట, ఇచ్చుట మనకు వాడుకయే గదా. ఆ లెక్కలు మనకు సంబంధింపవని యనుకొనుటకు వీలులేదు.

మన జిల్లా ఉనికియు గమనింపదగినది. కాశ్మీరమునుండి కన్యాకుమారికి పోవు 44వ నెంబరు జాతీయ రహదారి హోసూరు, కృష్ణగిరిల మీదుగా పోవుచున్నది. చెన్నపట్టణపు దారి కృష్ణగిరివద్ద దానితో కలియుచున్నది. హోసూరు కర్మాగారములకు నానా దేశములనుండి పడుచువారు ఒంటరిగా వచ్చి అద్దెగదులలో ఉండుచున్నారు. ఇంటికి దూరమై నెలల తరబడి తిరుగు లారీ డ్రైవర్లకు, వలస కూలీలకు ప్రమాద మెక్కువ యని ప్రభుత్వమే గుర్తించి వారికొరకు ప్రత్యేక కార్యక్రమములు నడుపుచున్నది. ఇందువలన డ్రైవర్లను నిందింప నవసరము లేదు. ఎన్నడును గడప దాటని ఇల్లాండ్రకు భర్తలవలన ఈ క్రిమి సోకిన సందర్భములు మన దేశమున కోకొల్లలు.

ఇక పరీక్ష యెట్లు జరుగునో చెప్పుదుము. హోసూరు, కృష్ణగిరి ప్రభుత్వాసుపత్రులలో సలహా మరియు పరీక్షా కేంద్రములు కలవు. తమిళనాట వానికి 'నంబిక్కై మైయం' అని పేరు. నంబిక్కై యన మన నమ్మికయే. మైయం అనగా కేంద్రము. బోర్డు చదువలేనివారు ఆ రెండు మాటలు అడిగిన చాలును, దారి చూపుదురు. రోగము పేరెత్త నక్కరలేదు. లోపల ఆలోచన చెప్పు నుద్యోగి యొకరుందురు. తమిళమున వారిని 'ఆలోసగర్' అందురు. ఇదియు మన యాలోచన మాటయే. తలుపు వేసి, ఒక్కరినే కూర్చుండబెట్టి, పరీక్ష యెందుకో వివరించి, సమ్మతి యడుగుదురు. సమ్మతి లేనిదే రక్తము తీయరాదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి తల్లిదండ్రుల లేక సంరక్షకుల సమ్మతి కావలెను. పరీక్షకు రుసుము లేదు.

ఈ సంభాషణ సగము అర్థమైన చాలదు. భర్త యెచట పనిచేయును, ఎప్పుడు ఇంటికి వచ్చును, మునుపు ఏ జబ్బు చేసెను వంటి ప్రశ్నలుండును. కావున తమిళము తడబడువారు మొదటనే "నాకు తెలుగు అయితే బాగుగా తెలియును" అని చెప్పవలెను. మన సరిహద్దు ఆసుపత్రులలో తెలుగు మాటలాడు నర్సులో, సిబ్బందియో తరచుగా ఉందురు. కాని అట్టివారు గది లోపలికి వచ్చుటకు మీ యనుమతి కావలెనని గుర్తుంచుకొనుడు. జాతీయ సహాయవాణి 1097 నెంబరునకు డబ్బు లేకుండ ఫోను చేసి, తెలుగున మాటలాడువారిని కోరవచ్చును. పేరు చెప్పనక్కరలేదు. బిడ్డను మాత్రము వెలుపలి బల్లమీద కూర్చుండబెట్టుడు.

చీటిలోని మాటలను గూర్చి హెచ్చరిక యొకటి. బడిలో మేము 'పాజిటివ్' అను మాటను మంచి యను నర్థమున వాడుచుందుము. రక్తపరీక్షలో 'పాజిటివ్' లేక 'రియాక్టివ్' అనిన క్రిమి జాడ కనబడినదని యర్థము. 'నెగటివ్' లేక 'నాన్ రియాక్టివ్' అనిన కనబడలేదని. చదువుకొనినవారు సయితము ఇచట పొరబడుట మేమెరుగుదుము. మొదటి పరీక్షలో జాడ కనబడినంతమాత్రమున నిర్ణయము చేయరు. వేరువేరు విధములైన మూడు పరీక్షలు చేసి, మూడును ఒకే ఫలితము నిచ్చిననే నిశ్చయింతురు. మరియొక సంగతి: క్రిమి ప్రవేశించిన మరునాడే పరీక్షలో తేలదు. మూడు వారములనుండి మూడు మాసములవరకు పట్టవచ్చును. ఆ వ్యవధిలో పరీక్ష చేయించుకొనినవారు సలహాదారు చెప్పిన దినమున మరల పోవలెను.

క్రిమి యున్నదని తేలినచో ఏమగును? 2004వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన మన దేశమున ఉచిత ఏ.ఆర్.టి. చికిత్స ఆరంభమైనది. చెన్నై తాంబరము ఆసుపత్రి ఆ మొదటి కేంద్రములలో నొకటి. నాడు వ్యాధి ముదిరినవారికే మందులిచ్చెడివారు. 2017నుండి క్రిమి యున్నదని తేలిన ప్రతివారికిని, ఏ దశయందున్నను, ఇచ్చుచున్నారు. ఇప్పుడు పెద్దలలో పెక్కుమందికి మూడు మందులు కలిపిన ఒకే మాత్ర, దినమునకు ఒకసారి. మానక వాడినచో రక్తమున క్రిమి పరీక్షకు అందనంతగా తగ్గిపోవును. అట్లు తగ్గి నిలిచినవారినుండి లైంగిక సంపర్కమువలన మరొకరికి వ్యాపింపదని వైద్యశాస్త్రము నేడు నిశ్చయముగా చెప్పుచున్నది. ఆయువును ఇతరులతో సమానముగా ఉండవచ్చును. అయితే మాత్ర క్రిమిని అణచునే కాని పూర్తిగా నిర్మూలింపదు. జీవితాంతము వాడవలెను.

ఇచటనే మన ప్రాంతపు వారు చేయు పొరపాటొకటి కలదు. ఊరివారు చూతురని జంకి, హోసూరు వదలి బెంగుళూరునకో, కుప్పము దాటియో పోయి అచట పేరు వ్రాయించుకొందురు. మొదటి నాలుగు నెలలు పోవుదురు. తరువాత బస్సు ఖర్చు, కూలి నష్టము, పంటకోత అడ్డువచ్చి మానుదురు. మాత్ర మానినచో క్రిమి తలయెత్తును. మందులకు లొంగని గుణమును సంపాదింపవచ్చును. దూరమున నమోదు చేయించుకొనినవారు దగ్గరి కేంద్రమునకు మార్చుమని అచటనే అడుగవచ్చును, బదిలీ పత్రమిత్తురు. ఏ.ఆర్.టి. కేంద్రము ఎచట నున్నదో, ఏ దినమున పోవలెనో నమ్మక కేంద్రమువారే చెప్పి పంపుదురు.

గర్భిణులకు ఈ పరీక్ష మిక్కిలి ముఖ్యము. చికిత్స లేనిచో తల్లినుండి బిడ్డకు సోకుట నూటికి 15 మొదలు 45 వరకు ఉండును. తల్లి మందులు వాడి, పుట్టిన శిశువునకు కూడ మందు ఇచ్చినచో 5కన్న తక్కువకు దిగును. ఆరు వారములకు శిశువు మడమనుండి కొన్ని రక్తపు చుక్కలు తీసి పరీక్షింతురు. పదునెనిమిది మాసములకు నిశ్చయ పరీక్ష. అదే రక్తములో సవాయి రోగమును, అనగా సిఫిలిస్‌ను గూడ పరీక్షింతురు. అది పెనిసిలిన్‌తో కుదురు జబ్బు. చూడక వదలినచో గర్భస్రావమునకు, శిశుమరణమునకు దారితీయును. ఇతర సుఖవ్యాధులకు ప్రభుత్వపు సురక్ష క్లినిక్కులలో ఉచిత చికిత్స కలదు. పుండ్లు, స్రావము, మంట ఉన్నవారు వానిని దాచుకొనుటవలన హెచ్.ఐ.వి. సోకుటకు మార్గము సులభమగును. పరుల రక్తమంటిన సూది గ్రుచ్చుకొనినను, బలాత్కారమునకు లోనైనను, 72 గంటలలోగా, వీలైనంత త్వరలో, ఆసుపత్రికి పోయినచో 28 దినముల మందులతో నివారింపవచ్చును. మరునాటికి వాయిదా వేయరాదు.

బడి సంగతికి వత్తుము. దీనిని వ్రాయుటకు మాకు సిగ్గు కలుగుచున్నది. ఇరువది యేండ్ల క్రిందట, మరియొక పాఠశాలలో మేము ఉపాధ్యాయులుగా నుండగా, నాలుగవ తరగతి బాలుడొకని తండ్రి మరణించెను. ఏ జబ్బో యని ఊరిలో గుసగుసలు పుట్టెను. కొందరు తల్లిదండ్రులు వచ్చి, వానిని తమ పిల్లల ప్రక్కన కూర్చుండబెట్టినచో టి.సి. తీసికొందుమనిరి. మేము వాదింపలేదు. కిటికీవద్ద వేరు బల్ల వేయించి, నీళ్లకు వేరు గ్లాసు పెట్టించితిమి. బాలునకు పరీక్ష జరిగినదో లేదో గూడ ఎవరికిని తెలియదు. నెల తిరుగకముందే వాడు రాకమానెను. ఇంటికి పోయి పిలుచుకొని రాలేదు. ఆ తరగతి పిల్లలు దానిని చూచుచునే యుండిరి.

నేడు అట్లు చేయుట చట్టవిరుద్ధము. 2017లో పార్లమెంటు ఆమోదించిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టము 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలులో నున్నది. దాని ప్రకారము ఈ కారణముచేత బడిలో చేర్చుకొనకుండుట, తొలగించుట, వేరుగా కూర్చుండబెట్టుట నిషిద్ధము. చేర్చుకొనుటకు రక్తపరీక్ష చీటి తెమ్మనరాదు. క్రిమి సోకినవారికే కాదు, వారితో ఒకే యింట నివసించువారికి గూడ ఈ రక్షణ కలదు. కావున మీ యింటి సంగతి మాకు చెప్పవలసిన విధి మీకు లేదు; పొరుగింటి సంగతి వచ్చి మాకు చెప్పుటయు వలదు. చెప్పినను మేము పుస్తకములలో వ్రాయము. సహాయము కావలెనని మీరే వచ్చినచో వేరు మాట. బాధిత బాలబాలికలకొరకు తమిళనాడు ప్రభుత్వము 2009లో ఒక నిధిని ఏర్పరచినది. దానిని గూర్చి నమ్మక కేంద్రమున విచారించి దరఖాస్తు నింపుటలో మేము తోడ్పడుదుము. ఆ దరఖాస్తును తమిళమున వ్రాసియిచ్చు భారము మాది.

ఆ చట్టమున మా వంటి వారికి ప్రత్యేకముగా పనికివచ్చు నంశమొకటి కలదు. తల్లిదండ్రులు లేకయో, మంచము పట్టియో ఉన్న బాధిత కుటుంబములలో అక్కయో అన్నయో ఇల్లు నడుపుచుందురు. పండ్రెండేండ్లు నిండి పదునెనిమిది నిండని అట్టి బాలికగాని బాలుడుగాని, తెలివి గలిగి సంసారమును చక్కబెట్టుకొనుచున్నచో, తమ్మునికిని చెల్లెలికిని సంరక్షకులుగా ఉండవచ్చును. బడిలో చేర్చుటకు, వైద్యము చేయించుటకు, బ్యాంకు ఖాతా నడుపుటకు ఆ యధికారము చెల్లును. జూన్ నెలలో ప్రవేశములు ఆరంభమగును. అట్టి అక్క యెవరైన తమ్ముని చేయిపట్టుకొని వచ్చినచో, "పెద్దలను పిలుచుకొని రమ్మ"ని త్రిప్పిపంపము. ప్రవేశపత్రమున సంరక్షకుని పేరున్న గడిలో ఆమెచేతనే సంతకము చేయింతుము. తెలుగున చేసినను సరియే.