గృహ ఋణము - తనఖా పదములు

స్థిరాస్తిని హామీగా ఉంచి అప్పు తీసుకొనుటను తనఖా అందురు. భారతదేశములో దీనిని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 58వ సెక్షన్ నిర్వచించుచున్నది. తనఖా పెట్టిన యజమాని తన ఆస్తిపై గల ఒక హక్కును అప్పు తీరువరకు హామీగా ఋణదాతకు ఇచ్చును. కావున తనఖా అమ్మకము కాదు. గృహ ఋణము సాధారణముగా పదిహేను, ఇరవై సంవత్సరములు సాగును. అందుచేత ఒప్పంద పత్రములోని పదముల అర్థము ముందుగానే తెలిసికొనుట కొనుగోలుదారునకు అవసరము.

తనఖా రకములు

58వ సెక్షన్ ఆరు రకముల తనఖాలను పేర్కొన్నది. అవి: సాదా తనఖా, షరతుతో కూడిన విక్రయ తనఖా, భోగ్య తనఖా, ఆంగ్ల తనఖా, హక్కు పత్రముల అప్పగింత ద్వారా తనఖా, విలక్షణ తనఖా.

భోగ్య తనఖాలో ఆస్తి ఋణదాత స్వాధీనములో ఉండును. దానిపై వచ్చు ఫలసాయమును లేదా అద్దెను అతడు వడ్డీకి గాని, అసలుకు గాని జమ కట్టుకొనును. గృహ ఋణములలో అట్లు కాదు, ఇల్లు యజమాని స్వాధీనములోనే ఉండును. బ్యాంకులు ఎక్కువగా హక్కు పత్రముల అప్పగింత పద్ధతిని అనుసరించును. ఇందులో అసలు దస్తావేజులు, వాటి లింకు దస్తావేజులు అప్పు తీరువరకు బ్యాంకు వద్ద ఉండును.

మార్జిన్

ఇంటి విలువలో కొనుగోలుదారుడు తన చేతి సొమ్ముగా పెట్టవలసిన భాగమును మార్జిన్ అందురు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము, 30 లక్షల రూపాయల వరకు గల గృహ ఋణము ఇంటి విలువలో 90 శాతమునకు మించరాదు. ఋణము 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉన్నచో ఈ పరిమితి 80 శాతము, అంతకు మించినచో 75 శాతము.

అసలు, వడ్డీ, ఇ.ఎం.ఐ.

ప్రతి నెల సమానముగా చెల్లించు వాయిదాను ఇ.ఎం.ఐ. అందురు. ఇందులో వడ్డీ, అసలు రెండును కలిసి ఉండును. మిగిలి ఉన్న అసలుపై మాత్రమే వడ్డీ లెక్కింతురు గనుక మొదటి సంవత్సరములలో వాయిదాలో వడ్డీ భాగమే అధికము.

ఉదాహరణకు 20 లక్షల రూపాయలను 9 శాతము వడ్డీకి 20 సంవత్సరములకు తీసుకొన్నచో:

* నెలసరి వాయిదా సుమారు 17,995 రూపాయలు.
* మొదటి వాయిదాలో వడ్డీ 15,000, అసలుకు జమ 2,995 రూపాయలు.
* ఐదు సంవత్సరములలో చెల్లించునది సుమారు 10.80 లక్షలు. అసలులో తగ్గునది సుమారు 2.26 లక్షలు మాత్రమే.
* గడువు ముగియునప్పటికి మొత్తము వడ్డీ సుమారు 23.19 లక్షలు.

అదే ఋణమును 15 సంవత్సరములకు తీసుకొన్నచో వాయిదా సుమారు 20,285 రూపాయలు, మొత్తము వడ్డీ సుమారు 16.51 లక్షలు. వాయిదా తక్కువగా ఉన్నంత మాత్రమున ఋణము చౌక కాదని దీనివలన తెలియుచున్నది.

స్థిర వడ్డీ, చర వడ్డీ

ఒప్పందములో చెప్పిన కాలమంతయు మారనిది స్థిర వడ్డీ. మార్కెట్టు రేట్లను అనుసరించి మారునది చర వడ్డీ. 2019 అక్టోబరు 1 నుండి బ్యాంకులు ఇచ్చు కొత్త చర వడ్డీ గృహ ఋణములను రెపో రేటు వంటి బయటి ప్రామాణికమునకు ముడిపెట్టుట తప్పనిసరి అయినది. వడ్డీ పెరిగినప్పుడు వాయిదా పెంచుకొనుటయా, గడువు పొడిగించుకొనుటయా అను ఎంపికను ఋణగ్రహీతకు ఇవ్వవలెనని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించినది. చర వడ్డీ గృహ ఋణమును ముందుగా తీర్చినచో బ్యాంకులు రుసుము వసూలు చేయుటను 2012లోనే నిషేధించినది.

బాకీ, విమోచన హక్కు

వాయిదా 90 రోజులకు మించి చెల్లింపబడనిచో ఋణమును నిరర్థక ఆస్తిగా పరిగణింతురు. అప్పుడు 2002 నాటి సర్ఫేసీ చట్టము ప్రకారము బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసు ఇచ్చును. ఆ గడువులో బాకీ తీరనిచో, దావా వేయకుండగనే ఇంటిని స్వాధీనపరచుకొని వేలము వేయవచ్చును. బ్యాంకు చర్యపై ఋణగ్రహీత 45 రోజుల లోపల ఋణ వసూలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చును.

అప్పు తీర్చి ఆస్తిని విడిపించుకొను హక్కును విమోచన హక్కు అందురు. ఆస్తి బదిలీ చట్టములోని 60వ సెక్షన్ దీనిని కల్పించుచున్నది. కాని సర్ఫేసీ చట్టమునకు 2016లో చేసిన సవరణ ననుసరించి వేలము ప్రకటన వెలువడుటకు ముందే బాకీ అంతయు చెల్లించవలెను. వేలము రోజు వరకు వ్యవధి ఉన్నదని భావించువారు ఇల్లు కోల్పోవు ప్రమాదము కలదు.

ఋణము తీరిన తరువాత

2023 డిసెంబరు 1 నుండి, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల లోపల ఋణదాత అసలు దస్తావేజులను తిరిగి ఇవ్వవలెను. తన వలన ఆలస్యమైనచో రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారము చెల్లించవలెను. తనఖా రిజిస్టరు అయి ఉన్నచో దాని రద్దు కూడ నమోదైనదా అని సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో ఇ.సి. తీసుకొని చూచుకొనవలెను. పాత ఇల్లు కొనువారు ఇ.సి.తో పాటు, 2011లో ప్రారంభమైన సెర్సాయ్ కేంద్ర రిజిస్ట్రీని కూడ పరిశీలించుట మేలు. రిజిస్టరు కాని హక్కు పత్రముల తనఖా ఇ.సి.లో కనిపించదు.

ఇవి కూడా చూడండి

* ఆస్తి బదిలీ చట్టము
* చక్రవడ్డీ
* భారతీయ రిజర్వు బ్యాంకు