గెనిమ మీది గరికే గోల్ఫ్ మైదానంలో

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో వరికయ్యల గెనిమల మీద పరుచుకున్న గరికను ఎవరూ ఆగి చూడరు. రైతుకి అది కలుపు. వినాయక చవితి నాడు మాత్రం దూర్వాయుగ్మం పేరుతో పత్రిలో చేరి దేవుడి ముందుకి వస్తుంది. ఇదే గరికను బయటి దేశాల్లో బెర్ముడా గడ్డి అంటారు. వేడి ప్రాంతాల గోల్ఫ్ మైదానాల్లో బంతి దొర్లే పచ్చిక చాలాచోట్ల ఇదే, కాకపోతే దీని సంకరం. ఎండ, ఉప్పుగాలి, తుఫాను మూడూ తగిలే మన తీరంలో పచ్చికను ఎలా బతికించుకోవాలో తెలియాలంటే ముందు ఈ గడ్డి స్వభావం తెలియాలి.

గోల్ఫ్ పుట్టిందే సముద్రపు ఒడ్డున. స్కాట్లాండ్ తీరంలో సేద్యానికి పనికిరాని ఇసుక దిబ్బల మీద గొర్రెలు మేసి మేసి గడ్డిని నేలకు అంటించేవి. ఆ నున్నని నేలే ఆటస్థలం అయింది. మన తీరంలోనూ అదే వరస. అలలకు దగ్గరగా రావణాసురుని మీసాలు ఇసుకను పట్టి ఉంచుతాయి. వాటి వెనక, కాస్త మట్టి చేరిన చోట గరిక మొదలవుతుంది. పల్ల, జోడిపి, దొర అని మనం పిలుచుకునే నెల్లూరు గొర్రెలు దాన్ని మొదలంటా కొరికేస్తాయి. పది రోజుల్లో మళ్లీ పచ్చబడుతుంది. ఎందుకంటే గొర్రె పంటికి అందేది ఆకు మాత్రమే. గరిక ప్రాణం నేల మీద పాకే కాడలోనూ, నేల లోపల దాగిన కాడలోనూ ఉంటుంది. ప్రతి కణుపూ ఒక కొత్త మొక్కే.

రోహిణి కార్తె ఎండకు ఇది బెదరదు. చెరకు, జొన్న లాగే గరిక కూడా బొగ్గుపులుసు గాలిని ఆకు లోపల ఒకచోట పోగుచేసుకుని వాడుకుంటుంది. అందువల్ల వేడి పెరిగినా, ఆకు రంధ్రాలు సగం మూసుకున్నా ఆహారం తయారీ ఆగదు. 30 డిగ్రీల వేడి దాటితే చలిదేశాల గడ్డి వేళ్లు కుంగిపోతాయి, గరికకు అదే అసలైన ఎదుగుదల కాలం. కానీ వేసవిలో మనం చేసే తప్పు ఒకటుంది. రోజూ సాయంత్రం పైపైన తడుపుతాం. తడి పైన అంగుళంలోనే ఉంటే వేరు లోతుకి పోవాల్సిన అవసరం దానికి కనిపించదు. నాలుగైదు రోజులకోసారి, జానెడు లోతు తడిసేలా పెట్టిన నీరు మేలు. కోత కూడా అంతే. ఒక కోతలో ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. ఆకు ఎంత కురచగా ఉంటే వేరూ అంత కురచవుతుంది. గోల్ఫ్‌లో గుంత చుట్టూ ఉండే గ్రీన్ మీద గడ్డి ఎత్తు 3 నుంచి 5 మిల్లీమీటర్లే. అందుకే దాని కాపలా పసిబిడ్డను సాకినంత పని. మన బడి మైదానాలకు ఆ కురచకోత అక్కర్లేదు, ఎండల్లో అసలే వద్దు.

ఇక ఉప్పు. మట్టి ఉప్పదనాన్ని కొలిచే డెసీసీమెన్ లెక్కలో 3 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. గరిక దాదాపు 7 వరకు ఓర్చుకుంటుంది. దాని ఆకు మీద కంటికి కనపడని గ్రంథులు ఉప్పును బయటికి నెట్టేస్తాయి. అయినా హద్దు హద్దే. రొయ్యల చెరువుల పక్క బోరు నీళ్లు ఏడాదంతా పారిస్తే అదీ తలవంచుతుంది. బంకమట్టి నేలైతే మరీ కష్టం. ఉప్పులోని సోడియం మట్టి రేణువుల పట్టు విడదీసి, నీరు దిగే దారులు మూసేస్తుంది. జిప్సం చల్లితే అందులోని కాల్షియం ఆ సోడియం స్థానంలోకి వస్తుంది. ఆ తర్వాత మంచినీళ్లు దండిగా పెట్టి ఉప్పును కిందికి కడిగేయాలి. కడగడం మానేస్తే జిప్సం ఖర్చు వృథా.

అసలు పరీక్ష తుఫాను నెలలదే. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి మించి అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టినే ఊడ్చుకుపోయింది. అంతటి నీటిలో గరిక రోజుల తరబడి మునిగినా బతుకుతుంది. దాన్ని చంపేది నీరు కాదు, ఊపిరాడకపోవడం. వేరుకీ ప్రాణవాయువు కావాలి. అది గాలిలో పాకేదానికంటే నీటిలో సుమారు పది వేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. మట్టి సందులన్నీ నీటితో నిండితే వేరు లోపలే ఉక్కిరిబిక్కిరవుతుంది. వరద తీశాక మిగిలే ఒండ్రు పొర ఎండి పెచ్చుకడితే ఆ కాస్త గాలి కూడా ఆగిపోతుంది. కాబట్టి ఒండ్రును తడిగా ఉండగానే గీకి, కడిగేయాలి.

నేల కింద నీటి నడక ఒక్కోసారి మనల్ని ఆశ్చర్యపరుస్తుంది. పిండకుండా దండెం మీద ఆరేసిన చీరకు కింది అంచు చివరిదాకా తడిగానే ఉంటుంది. ఇసుకా అంతే. దాని కింద గులకరాళ్లు పరిస్తే, ఇసుక అడుగు పూర్తిగా నిండేదాకా నీరు రాళ్లలోకి దిగదు, నిండిన తర్వాత జారిపోతుంది. ఈ సూత్రం మీదే అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో గ్రీన్ కట్టే పద్ధతి ప్రకటించింది. పైన 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం, కింద 10 సెంటీమీటర్ల గులక, దాని కింద గొట్టాలు. ఎండకు కాస్త నీరు దాచి, వానకు మిగులు వదిలేసే నేల అది.

ఈ గడ్డి కథలో మనకు దగ్గరి మనిషి ఒకాయన ఉన్నాడు. జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ మన గరికా ఆఫ్రికా జాతి గరికా కలిసిన రకాల్లో 1956లో టిఫ్‌గ్రీన్, 1960లో టిఫ్‌వే సంకరాలు విడుదల చేశాడు. వీటికి విత్తనం కట్టదు, కాడ ముక్కలే నాటాలి. ఆయన సజ్జ మీద కూడా పనిచేశాడు. ఆయన తయారుచేసిన టిఫ్ట్ 23ఎ తల్లి రకం నుంచే పంజాబులో 1965లో మన దేశపు తొలి సంకర సజ్జ హెచ్‌బి-1 వచ్చింది. మెట్ట రైతు గింజా, గోల్ఫ్ పచ్చికా ఒకే చేతి నుంచి వచ్చాయని చెబితే నమ్మేవాళ్లు తక్కువ.

తీరం ఊళ్లలో బడి మైదానం చూసుకునేవాళ్లకు నా విన్నపం ఒకటే. తుఫాను కబురు వచ్చాక యూరియా చల్లకండి, లేత ఆకు తొందరగా కుళ్లుతుంది. అంతకు ముందే, హస్త కార్తె వెళ్లేలోపు, పిల్లల కాళ్ల కింద గట్టిపడిన నేలను జానెడు లోతు గడ్డపారతో పొడిచి, ఆ బొక్కల్లో ఉప్పులేని ఏటి ఇసుక నింపండి. నీరు నిలిచే మూలకు కాలువ తీయండి. మిగిలినది గరిక చూసుకుంటుంది.