కోహార్ట్ అంటే ఒక్కరు కాదు... జట్టు!

విదేశీ యూనివర్సిటీకి దరఖాస్తు చేశారు. సీటొచ్చిందంటూ మెయిల్ వచ్చింది. అందులో ‘మీ కోహార్ట్‌లో 40 మంది ఉంటారు’ అని ఉంది. బ్యాచ్ అనుకుని ముందుకెళ్లిపోతాం. తప్పేం కాదు కానీ, ఈ మాట సంగతి ఇంకాస్త తెలిస్తే ఎస్‌ఓపీ రాసేటప్పుడే కాదు, ఫీజు కట్టే ముందూ పనికొస్తుంది.

దీని మూలం ‘కోహార్స్’ అనే లాటిన్ పదం. దానికి చుట్టూ కంచె ఉన్న ఆవరణ అని అర్థం. రోమన్ సైన్యంలో అదే ఒక దళం పేరైంది. లీజియన్‌కు 10 కోహార్ట్‌లు, ఒక్కో కోహార్ట్‌కు మామూలుగా 6 సెంచరీలు. సెంచరీ అనగానే వంద గుర్తొస్తుంది కదా! కానీ చక్రవర్తుల కాలంలో అందులో ఉండేది సుమారు 80 మందే. అంటే కోహార్ట్‌కు దాదాపు 480 మంది.

ఇప్పుడీ మాట ఎక్కడెక్కడ వినిపిస్తుందంటే...

వైద్య పరిశోధనలో: ఎంచుకున్న కొంతమందిని ఏళ్ల తరబడి గమనిస్తే అది ‘కోహార్ట్ స్టడీ’. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 1948లో 5,209 మందితో ఇలాంటిదే మొదలైంది. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్లు గుండెకు ముప్పని తేల్చడంలో దానిది పెద్ద పాత్ర.

స్టార్టప్‌లలో: హైదరాబాద్ టీ-హబ్ లాంటి చోట్ల ఒక విడతలో శిక్షణకు ఎంపికైన సంస్థలన్నీ కలిపి ఒక కోహార్ట్.

చదువుల్లో: కలిసి చేరి, అవే సబ్జెక్టులు అదే వరుసలో చదివి, కలిసి బయటికొచ్చే బృందం.

మరి వాడటమెలా? ‘రవి నా కోహార్ట్’ అనే వాడుక అమెరికన్ ఇంగ్లిష్‌లో ఉంది. సహచరుడు అనే అర్థంలో డిక్షనరీలూ ఇస్తాయి. అయినా దీన్ని తప్పుపట్టేవాళ్లు ఉన్నారు. కాబట్టి ఎస్‌ఓపీలో, ఇంటర్వ్యూలో ‘రవి మా కోహార్ట్‌లో సభ్యుడు’ అనే అర్థం వచ్చేలా చెప్పడమే మంచిది.

ఇక ఫీజు సంగతి. కోహార్ట్ పద్ధతిలో నడిచే కోర్సుల్లో ఒక సబ్జెక్టు పోయినా, ఒక సెమిస్టర్ ఆపినా, మళ్లీ ఆ క్లాసు కోసం తర్వాతి కోహార్ట్ వచ్చేదాకా ఆగాల్సి రావచ్చు. అప్పు చేసి చదివేవాళ్లకు అది ఏడాది ఖర్చుతో సమానం. అందుకే చేరకముందే అడగండి: ‘మధ్యలో ఆగితే మళ్లీ ఎప్పుడు, ఎవరితో కలవాలి?’ జవాబు మెయిల్‌లోనే తీసుకోండి.