ముఖం ఒకరిది – మోసం వేరొకరిది

గత మాఘమాసంలో ఒక ఇల్లాలు పెళ్ళీడుకు వచ్చిన కుమార్తెను వెంటబెట్టుకొని మా వైద్యశాలకు వచ్చారు. అమ్మాయి బుగ్గలు రెండూ కందిపోయి ఉన్నాయి. ఎండ సోకితే మంట. చర్మం క్రింది సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తున్నాయి.

“వైద్యులుగారూ! రోజూ రాత్రి తాను రాసుకొనేది ఈ క్రీమేనని ఆ సినిమా నటి స్వయంగా చెప్పిందండీ. సెల్‌ఫోనులో మా కళ్ళతో చూశాము. మొదటి పది రోజులు ముఖం అద్దంలా మెరిసింది. ఇప్పుడు మానితే మంట, రాస్తే తగ్గుతుంది” అన్నారు ఆ తల్లి.

డబ్బా త్రిప్పి చూశాను. తయారీదారుని చిరునామా లేదు. లైసెన్సు సంఖ్య లేదు. అందులోని ద్రవ్యాల పట్టిక లేదు. ఉన్నదల్లా ఆ నటి ఛాయాచిత్రం మాత్రమే. ఆ క్రీముతో తనకెట్టి సంబంధమూ లేదని ఆమె తన సొంత ఖాతాలో ప్రకటించిన సంగతి కొన్నాళ్ళకు వారబ్బాయి వెదికి పట్టుకున్నాడు.

చరకుడు చెప్పిన హెచ్చరిక

చరకసంహిత సూత్రస్థానంలోని తిస్రైషణీయాధ్యాయంలో వైద్యులు మూడు విధాలుగా చెప్పబడ్డారు. మందుల పాత్రలు, గ్రంథాలు ప్రదర్శించి వైద్యులుగా చెలామణీ అయ్యేవారు ఛద్మచరులు. ధనము, కీర్తి, జ్ఞానము గలవారి పేరు చెప్పుకొని, తమకు లేని యోగ్యతను చాటుకొనేవారు సిద్ధసాధితులు. నిజముగా ప్రాణము నిలుపువారు జీవితాభిసరులు. నేటి ఈ ప్రకటనకర్తలు రెండవ తెగకు చెందినవారు. పేరు అరువు తెచ్చుకొనే విద్య కొత్తది కాదు, అది నడిచే దారి మాత్రమే కొత్తది.

మోసం జరిగే తీరు

ఈ వ్యాపారం దేశదేశాల్లో సాగుతున్నది. 2019 నవంబరులో హాలీవుడ్ నటి సాండ్రా బుల్లక్, టెలివిజన్ వ్యాఖ్యాత్రి ఎలెన్ డిజెనరస్ కలిసి లాస్ ఏంజిలిస్ న్యాయస్థానంలో దావా వేశారు. వార్ధక్య లక్షణాలను పోగొడతాయనే చర్మలేపనాలను తాము మెచ్చుకొన్నట్లు దొంగ వార్తలు సృష్టించారన్నది వారి ఫిర్యాదు. ప్రతివాదులెవరో తెలియనందున పేరు లేని వ్యక్తులపైనే ఆ దావా వేయవలసి వచ్చింది. అంతటి ప్రసిద్ధులకే దొంగ ఎవరో తెలియలేదంటే సామాన్య గృహస్థు ఎవరిని అడగగలడు?

“నమూనా ఉచితం, పంపే ఖర్చు మాత్రమే చెల్లించండి” అనడం వీరి ఎర. అందుకై ఇచ్చిన కార్డు సంఖ్యతో నెలనెలా సొమ్ము లాగివేయడం గాలం. ఇప్పుడు కృత్రిమ మేధ సాయంతో ఒకరి ముఖాన్ని, కంఠాన్ని అనుకరించి, వారు అనని మాటలు అన్నట్లుగా చూపగలుగుతున్నారు. తమ పేరు, రూపము అనుమతి లేకుండా వాడరాదని 2022 నవంబరులో అమితాబ్ బచ్చన్, 2025 సెప్టెంబరులో మన అక్కినేని నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుండి రక్షణ పొందారు.

డబ్బుతో పోయేది కాదు

సొమ్ము పోతే మరల సంపాదించుకోవచ్చు. ఊరూ పేరూ లేని క్రీములలో ఒక్కొక్కప్పుడు తీవ్రమైన స్టీరాయిడ్లు కలుపుతారు. అవి మొదట మెరుపునిచ్చి, పిదప చర్మాన్ని పలుచబరుస్తాయి. మరికొన్నింటిలో పాదరసం ఉంటుంది. పాదరసాన్ని శోధన సంస్కారాలు లేకుండా ముట్టరాదని మా గురువుగారు నేర్పారు. రసశాస్త్రం చదివినవాడు దానికి భయపడతాడు, ఈ వ్యాపారికి ఆ భయం లేదు.

2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు కేరళలోని కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు మూత్రపిండాల వడపోత పొర దెబ్బతిన్న 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి ఒక ప్రత్యేక రకం వ్యాధి కనిపించగా, ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారే.

గృహిణులు పాటించవలసినవి

1. ప్రకటనలోని ముఖాన్ని కాదు, డబ్బా మీది అక్షరాలను చూడండి. తయారీదారుని చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ, ద్రవ్యాల పట్టిక లేనిదానిని ఇంటికి తేవద్దు.

2. ఆ ప్రముఖుల సొంత ఖాతాలో ఆ ప్రకటన ఉన్నదేమో వెదకండి. వారు నిజంగా చెప్పినా సరే, అది వారి చర్మానికి సంబంధించిన మాట. మీ ప్రకృతి వేరు.

3. ఏ లేపనమైనా, ఇంట్లో నూరినదైనా, ముందు మోచేతి మడతలో రాసి ఒక దినము గమనించండి.

4. అట్టి క్రీము వాడిన తరువాత ముఖము, పాదాలు వాచినా, మూత్రం నురగలు కట్టినా ఆ డబ్బాతో సహా వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళి మూత్ర పరీక్ష చేయించుకోండి.

5. సొమ్ము పోయిన వెంటనే 1930కి, బ్యాంకుకు ఫోను చేయండి. వినియోగదారుల ఫిర్యాదులకు 1915 ఉన్నది.

ఆరోగ్యమైన చర్మానికి పెసరపిండిలో చిటికెడు కస్తూరి పసుపు, తగినన్ని పచ్చిపాలు కలిపి వారానికి రెండుసార్లు నలుగు పెట్టుకొంటే చాలు. అది రంగు మార్చదు. మురికిని తీసి చర్మాన్ని మృదువుగా ఉంచుతుంది. కందిన చర్మంపై మాత్రం నలుగు పనికిరాదు.

ఆ అమ్మాయిని చర్మవ్యాధి నిపుణుని వద్దకు పంపి, ఆయన సలహాపైనే క్రీము మాన్పించాము. నా వంతుగా పథ్యం చెప్పాను. మంట తగ్గడానికి నాలుగు మాసాలు పట్టింది. “రంగు తక్కువని సంబంధాలవారు అంటారేమోనని నేనే తెప్పించానండీ” అని ఆ తల్లి కన్నీరు పెట్టుకొన్నారు. ఆ భయమే ఈ వ్యాపారులకు పెట్టుబడి. బిడ్డ వర్ణానికి వెల కట్టడం మన ఇళ్ళలో మానుకొంటే, వారి సరుకు కొనేవారుండరు.