వేగము – త్వరణము

వాడుకలో వడి, వేగం ఒకటే. శాస్త్రంలో వడికి దిశ తోడైతేనే వేగం. ఆ వేగం మారే రేటే త్వరణం. నిర్వచనాలు వల్లించిన విద్యార్థి సైతం వేగం శూన్యమైనచోట త్వరణమూ శూన్యమేనని భ్రమిస్తాడు.

నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ‘ఫెట్’ అనుకరణలలో ‘మూవింగ్ మ్యాన్’ ఒకటి. తెరపై మనిషికి సెకనుకు 4 మీటర్ల వేగం, వ్యతిరేక దిశలో సెకనుకు సెకనుకు 2 మీటర్ల త్వరణం ఇద్దాం. 2 సెకన్లలో 4 మీటర్లు నడిచి, క్షణమాత్రం ఆగి, మరలి, 4వ సెకనుకు బయలుదేరిన చోటికే వస్తాడు. ఆగిన క్షణాన కూడా త్వరణరేఖ చలించదు. అప్పటి నుండి త్వరణం శూన్యమైతే అతడక్కడే నిలిచిపోవలసినదే!

అయితే మీట నొక్కకముందే విద్యార్థి ఆ రేఖను ఊహించి కాగితంపై గీయాలి. లేనిచో అది వట్టి బొమ్మలాట. తరగతికి ఒక్క కంప్యూటరున్నా ఈ పాఠానికి చాలును.